ఎదురుచూచు ఇంట దసరా పండుగ

పండుగకు పుట్టినింటికి వచ్చిన ఆడుబిడ్డను మనము మొట్టమొదట అడుగు ప్రశ్న యేది? కాళ్లకు నీళ్లిచ్చి, కూర్చుండబెట్టి, మంచినీళ్ల చెంబు చేతికిచ్చిన పిమ్మట, “ఏమమ్మా, విశేషమేమైన నున్నదా?” అని యడుగుదుము. ప్రేమతోనే యడుగుదుము. కాని ఆ ప్రశ్నకు పది పండ్రెండేండ్లుగా “లేదు” అను జవాబే చెప్పుచు వచ్చిన స్త్రీ యొకతె యుండును. ఆమెకు పండుగలు వచ్చుచున్నవన్న భయము కలుగును. అట్టి యొక యాడుబిడ్డ మా యింటికి పండుగకు వచ్చినపుడు మేము నేర్చుకొన్న సంగతులను తోడి గృహిణులతో చెప్పుకొనవలెనను కోరికతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా నివాసము కర్మన్‌ఘాట్. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లకు చేరువగా, నాగార్జునసాగరమునకు పోవు రహదారి మీద నున్న ఈ యూరు నేడు నగరమున కలిసిపోయినది. అయినను ఇచ్చటి ధ్యానాంజనేయస్వామివారి గుడి వలన దీని పేరు దూరప్రాంతములవారికిని తెలియును. కాకతీయ రెండవ ప్రోలరాజు పండ్రెండవ శతాబ్దమున వేటకై వచ్చి, అలసి చెట్టు నీడను విశ్రమించి, పొదల నడుమనుండి రామనామధ్వని విని, అచ్చట స్వామి విగ్రహమును కనుగొని గుడి కట్టించెనని స్థలపురాణము. మఱియొక కథ ఊరి పేరునకు సంబంధించినది. ఔరంగజేబు సైన్యము గుడిని కూల్ప వచ్చి లోనికి అడుగిడజాలక నిలిచిపోగా, “కర్ మన్ ఘట్” అను ధ్వని వినవచ్చెనట. “మనస్సును గట్టి చేసికొనుము” అని దాని యర్థము. చరిత్రకారులు దీని నెంతవరకు అంగీకరింతురో నేను చెప్పజాలను గాని, మా యింటి కథకు మాత్రము ఆ మాట చక్కగా సరిపోయినది.

మా యింటివారి చెల్లెలు, అనగా నా యాడుబిడ్డ, పెండ్లియాడి అమెరికా దేశమునకు పోయి చాల యేండ్లయినది. దంపతు లిరువురును ఆ దేశపు పౌరసత్వము పొందినవారు. రెండుమార్లు గర్భము నిలిచియు నిలువలేదు. వైద్యములు, మొక్కులు అన్నియు నయిన పిమ్మట, జన్మభూమినుండి యొక బిడ్డను దత్తు తెచ్చుకొందమని నిశ్చయించుకొనిరి. దరఖాస్తు పెట్టిన తరువాత వారు మా యింట గడపిన మొదటి పండుగ 2024వ సంవత్సరపు బతుకమ్మ, దసరాలు. అక్టోబరు 2వ తేదీన ఎంగిలిపూల బతుకమ్మ. దానికి రెండు దినములు ముందుగా వారు శంషాబాదులో విమానము దిగిరి.

ఇచ్చట నా తప్పొకటి ఒప్పుకొనవలెను. ఎనిమిదేండ్ల క్రిందట మా యమ్మాయిని తొట్టెలో వేసిన వేడుక సంగతి నేను ఆమెకు తెలుపలేదు. వినిన యెడల బాధపడునేమో యని నా యూహ. తరువాత ఎవరి వలననో వినినది. “వదినా, నాకు బిడ్డలు లేరని నా మేనకోడలిని కూడ లేకుండ చేసితివా?” అని యొక్కమాట మాత్రమే అనినది. జాలిపడి దూరముంచుట కూడ ఒక శిక్షయేనని నాకు ఆనాడు తెలిసినది. ఈసారి అట్లు జరుగగూడదని గట్టిగా అనుకొంటిని.

దత్తత యనగా మనలో చాలమందికి తెలిసినది పాతకాలపు మాట. అన్నదమ్ముల బిడ్డనో, చెల్లెలి బిడ్డనో, నలుగురి యెదుట నీటిధార పోసి ఒడిలో కూర్చుండబెట్టుకొనుట. అదియును మగబిడ్డనే. ఆడుపిల్లను దత్తు తీసికొనుటకు హిందువులకు చట్టము స్పష్టముగా వీలు కల్పించినది 1956వ సంవత్సరములోనే. నేటి పద్ధతి దీనికి భిన్నము. అనాథలై, విడువబడి, లేక కన్నవారిచే అప్పగింపబడి శిశుసంరక్షణ సంస్థలలో పెరుగుచున్న బిడ్డలకు తల్లిదండ్రులను కూర్చుపని 2015వ సంవత్సరపు బాలల న్యాయచట్టము ననుసరించి సాగుచున్నది. దేశమంతటికి ‘కారా’ అనబడు కేంద్ర దత్తత వనరుల సంస్థ దీనిని నడుపుచున్నది. మన హైదరాబాదులో యూసుఫ్‌గూడ ప్రాంతమున నున్న శిశువిహార్ వంటి ప్రభుత్వ నిలయములలోని బిడ్డలును ఈ పద్ధతిలోనే తల్లిదండ్రుల చేతికి పోవుదురు. మనము పోయి వరుసగా ఉయ్యాలలు చూచి బిడ్డను ఎంచుకొనుట యుండదు. పేరు నమోదు చేసికొని వంతు వచ్చువరకు వేచియుండవలెను.

పరదేశమున నుండువారికి దారి ఇంకను పొడవు. ఆ దేశమున గుర్తింపు పొందిన సంస్థవారు ఇంటికి వచ్చి, వారి ఆరోగ్యము, సంపాదన, నడవడి, దాంపత్యము అన్నియు విచారించి నివేదిక వ్రాయుదురు. అది భారతదేశమునకు చేరిన పిమ్మట పేరు వరుసలో నిలుచును. దంపతుల వయస్సులను కలిపి లెక్కింతురు. మొత్తము 85 మించనివారికే రెండేండ్ల లోపు బిడ్డ. 90 వరకైన రెండునుండి నాలుగేండ్ల బిడ్డ. 100 వరకైన నాలుగునుండి ఎనిమిదేండ్ల బిడ్డ. మా వారి లెక్క 88కి వచ్చినది. కనుక పొత్తిళ్లలోని శిశువు కాదు, నడచి మాటలాడు బిడ్డయే రావలెను.

ఈ మాట విని మా అత్తమ్మ మొదట కొంత చిన్నబుచ్చుకొన్నది. మఱునాడు తన పాత నూలుచీరలు బయటికి తీసి బొంత కుట్ట మొదలిడినది. మా యింట పుట్టిన ప్రతి బిడ్డకును ఆమె బొంత కుట్టియే యున్నది. అయితే ఈసారి ఎంత పొడవు కుట్టవలెనో తెలియదు. “రెండేండ్లదా, నాలుగేండ్లదా? ఏ యూరిది? ఏ భాషలో అమ్మా యని పిలుచును?” అని సూది దారముతో కూర్చుండి అడుగుచుండెడిది. బిడ్డ దేశములోని ఏ రాష్ట్రమునుండియైన రావచ్చును. ఒరియా మాటలాడు బిడ్డయో, మరాఠీ మాటలాడు బిడ్డయో ఎవరెరుగుదురు? ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేకపోయినది.

ఎంగిలిపూల నాడు తంగేడు, గునుగు, బంతి, కట్లపూలతో బతుకమ్మను పేర్చి కాలనీ స్త్రీలందఱమును చుట్టుచేరితిమి. బతుకమ్మ పాటలు ఎన్ని యున్నను పలవింపు మాత్రము తఱచుగా ఉయ్యాల మాటయే గదా! నేను ఓరకంట మా యాడుబిడ్డను చూచితిని. చప్పట్లు కొట్టుచునే యున్నది గాని పెదవులు కదలలేదు. ఇంతలో ఒక పెద్దామె, “పాపము, నీకింకను కాలేదా బిడ్డా?” అని బిగ్గరగా అడిగినది. ఆమె తడబడలేదు. “పెద్దమ్మా, నా బిడ్డ ఈపాటికి పుట్టియే యుండును. ఎచ్చటనో ఆడుకొనుచున్నది. మాకు ఇంకను పరిచయము కాలేదు, అంతే” అని నవ్వుచు చెప్పినది. చుట్టునున్నవారు నిశ్శబ్దమైరి. ఇంటికి వచ్చిన పిదప మాత్రము పెరటిలో చాలసేపు ఒంటరిగా కూర్చున్నది. జవాబు చెప్పగలిగినంత మాత్రమున నొప్పి లేదని కాదు. కనుక నేను మఱునాటినుండి ఒక యేర్పాటు చేసితిని. రాబోవువారికి ముందుగానే ఫోనుచేసి, “ఆ ప్రశ్న యొక్కటి అడుగవద్దు” అని చెప్పితిని. ఒక్కరును తప్పుపట్టలేదు. ఇంత చిన్న పనిని అన్ని యేండ్లు ఎందులకు చేయలేదా యని నాకే సిగ్గు కలిగినది.

బతుకమ్మ దినములలోనే భోజనముల వేళ ఒక గట్టి చిక్కు వచ్చినది. మా అత్తమ్మవైపు దగ్గరి బంధువొకరు, వరుసకు మేనమామ, మంచి మనస్సుతోనే ఒక మాట తెచ్చినారు. “మూడు నాలుగేండ్లు వరుసలో నిలుచుట యెందులకు? నాకు తెలిసిన చోట పెండ్లికాని పిల్ల యొకతె నెలలు నిండియున్నది. కొంత పైకము ముట్టజెప్పిన బిడ్డను పురిటిలోనే ఇచ్చివేయుదురు. ఆసుపత్రి కాగితములలో మీ పేరే వ్రాయింతురు. మూడవ కంటికి తెలియదు” అనినారు. అత్తమ్మ కన్నులలో ఆశ మెరసినది. ఆమెను తప్పుపట్టజాలము. డెబ్బదియేండ్లు దాటిన ముదుసలి. మనుమరాలిని చూచి పోవలెనను కోరిక.

అన్నయ్యగారు, అనగా ఆడుబిడ్డ భర్త, శాంతముగా చెప్పిరి. చట్టము చెప్పిన దారి విడిచి బిడ్డను తీసికొన్నవారికిని, ఇచ్చినవారికిని మూడేండ్ల వరకు జైలుగాని, లక్ష రూపాయల జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును. బిడ్డను కొనుట, అమ్ముట అయినచో ఐదేండ్ల వరకు కఠినశిక్ష. అట్టి బిడ్డకు రేపు పాసుపోర్టు కావలెనన్నను, పరదేశమునకు పోవలెనన్నను ప్రతి కాగితమును అబద్ధమే యగును. కాని మామను మౌనపఱచినది ఈ చట్టము మాట కాదు, ఆడుబిడ్డ యడిగిన ప్రశ్న. “మామా, ఆ పిల్ల పది దినములకు మనస్సు మారి నా బిడ్డ ఏదని వెదకుచు వచ్చినచో నేనేమి చెప్పుదును?”

ఆ ప్రశ్న ఊరక పుట్టినది కాదు. మా యింటి ముందునుండి సాగరమువైపు పోవు రహదారి దేవరకొండ ప్రాంతపు తండాలకు దారి. 1999, 2001 సంవత్సరములలో ఆ ప్రాంతపు లంబాడా తల్లుల ఆడుశిశువులు కొద్ది పైకమునకు దళారుల చేతులు మాఱి, దత్తత పేరున సంస్థలకు, అచ్చటినుండి పరదేశములకు చేరుచున్నారని గొప్ప అలజడి పుట్టినది. కన్నవారు బిడ్డలను ఆ విధముగా అప్పగించుటను 2001లో నాటి రాష్ట్రప్రభుత్వము నిషేధింపవలసి వచ్చినది. పేదరికము, ఆడుపిల్ల యన్న చిన్నచూపు, దళారి తొందర, సంతానము లేనివారి తొందర ఈ నాలుగును కలిసినచోట ఒక తల్లి ఒడి ఖాళీయగును. మన తొందర కూడ అందులో నొక భాగమని మనము మఱువరాదు.

నేటి నియమములలోని ఆలస్యమునకు మూలమిదియే. అంతకు ముందే, పరదేశ దత్తతలలోని అక్రమములను గూర్చి ఒక న్యాయవాది వ్రాసిన లేఖను దేశపు సర్వోన్నత న్యాయస్థానము విచారించి, 1984 ఫిబ్రవరి 6వ తేదీన లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యములో తీర్పు చెప్పినది. బిడ్డకు మొదట కన్నవారి యిల్లు, అది కాకున్న స్వదేశమున నొక యిల్లు, అదియును దొరకనప్పుడే పరదేశము అను వరుస ఆ తీర్పులో స్థిరపడినది. 1990లో ‘కారా’ యేర్పడినది. 1993లో హేగు నగరమున పలు దేశములు చేసికొన్న ఒడంబడికను మన దేశము 2003లో ధ్రువపఱచినది.

విడువబడిన శిశువు దొరికినచో కన్నవారి కొఱకు వెదకవలెను. రెండేండ్ల లోపు బిడ్డయైన రెండు నెలలలో, ఆపై వయస్సు బిడ్డయైన నాలుగు నెలలలో విచారణ ముగించి, బాలల సంక్షేమ సమితి ఆ బిడ్డ దత్తతకు అర్హమని ప్రకటించును. తల్లి తానై అప్పగించినచో మనస్సు మార్చుకొనుటకు ఆమెకు రెండు నెలల గడువున్నది. ఆ తరువాత అరువది దినములు స్వదేశమున నివసించువారికిని, భారత పౌరులుగానే యున్న ప్రవాసులకును బిడ్డను కూర్చ ప్రయత్నింతురు. అప్పటికిని కుదరనిచోనే పరదేశ దత్తత. అందులో భారతీయ మూలము గలవారికి ముందు వంతు. కనుక మా యాడుబిడ్డ వేచియుండు ప్రతి నెలలోను, కన్నతల్లి తిరిగి వచ్చుటకు తెఱచియుంచిన తలుపొకటి యున్నది. ఆ తలుపు మూయుట ఆమెకు ఇష్టము లేదు. నిరీక్షణ కష్టమే, కాని అది వ్యర్థము కాదని నాకు ఆ రాత్రి తెలిసినది.

లెక్కలు చూచినను సంగతి స్పష్టమగును. 2024-25వ సంవత్సరమున దేశమున జరిగిన దత్తతలు మొత్తము 4,515. అందు 4,155 దేశములోపలనే. పరదేశములకు పోయినవారు నాలుగువందలకు లోపు. వరుసలో నిలిచిన దంపతులో, ముప్పదివేలకు మించినవారు. వంతు వచ్చిన నాడు బిడ్డ ఛాయాచిత్రము, జీవితవృత్తాంతము, ఆరోగ్యనివేదిక పంపుదురు. అంగీకరించిన పిమ్మట నిరాక్షేపణ పత్రము, ఆపై జిల్లా మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. 2022 సెప్టెంబరు వరకు ఈ యుత్తరువు న్యాయస్థానము ఇచ్చెడిది. తరువాత పాసుపోర్టు, ప్రయాణము. ఇల్లు చేరిన పిమ్మట కూడ రెండేండ్లు బిడ్డ క్షేమసమాచారము పంపవలెను.

అక్టోబరు 10న సద్దుల బతుకమ్మ. పెరుగుసద్ది, పులిహోర, నువ్వులసద్ది, మలీదముద్దలు చేసి సాగనంపి వచ్చితిమి. మఱునాడు ఒడిబియ్యపు మాట వచ్చినది. మన తెలంగాణమున పుట్టినింటివారు ఆడుబిడ్డ ఒడి నింపి పంపుట ఎంత ముఖ్యమో మీకు తెలిసినదే. మా యాడుబిడ్డకు రెండవమారు గర్భము పోయిననాటినుండి అత్తమ్మ ఆ వేడుక మానివేసినది. “ఖాళీ ఒడిలో బియ్యము పోయుటకు నా చేయి రాదు” అనెడిది. ఈసారియు, “బిడ్డ వచ్చిన పిమ్మట ఇద్దఱికి కలిపి పోయుదము” అని తప్పించుకొన జూచినది. అపుడు ఆడుబిడ్డ తల్లి ప్రక్కన కూర్చుండి, “అమ్మా, ఒడిబియ్యము నేను తల్లినైనందులకు పోయుదువా, నీ బిడ్డనైనందులకు పోయుదువా?” అని యడిగినది.

అత్తమ్మ కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట తానే లేచి పసుపు కలిపిన బియ్యము, కుడుకలు, ఖర్జూరములు, వక్కలు, తమలపాకులు, రవికబట్ట పళ్లెరమున సర్దినది. దంపతులను పీటలమీద కూర్చుండబెట్టితిమి. ముసలిచేతులు వణకుచుండగా దోసిళ్లతో ఒడి నింపినది. ఏడ్చినది తల్లియే, కూతురు కాదు. నేను మా వంతు దోసిలి పోయునపుడు, పాత తొట్టె వేడుక తప్పు కొంత తీరినట్లు తోచినది.

మఱునాడు దసరా. జమ్మికొమ్మ తెచ్చి, పెద్దల చేతులలో ఆకులుంచి, “బంగారము” అని మ్రొక్కు సమయమున మా యమ్మాయి అందఱికిని పంచి, ఒక్క ఆకు మాత్రము పిడికిట దాచినది. “అది యెవరికే?” అని నాయనమ్మ అడిగినది. “మా మరదలికి. అత్త తీసికొనిపోయి దాచిపెట్టవలెను” అని దానిని మేనత్త చేతిలో పెట్టినది. ఆ యాకును ఆమె ఒక పుస్తకమున నుంచి పెట్టెలో పెట్టుకొన్నది. పిల్లలకు మనము నేర్పనక్కఱలేదు; వారి యెదుట గుసగుసలాడకున్న చాలును.

సోదరీమణులారా! మీ యిండ్లలోను ఇట్లు ఎదురుచూచువారు ఉండవచ్చును. వారి విషయమున మనము చేయదగినవి పెద్ద పనులు కావు. ప్రశ్నలు అడుగవద్దు, వారే చెప్పినపుడు వినుడు. శుభకార్యములకు తప్పక పిలువుడు. వచ్చుటయో రాకుండుటయో వారికి వదలుడు. దగ్గరి దారులు చూపవద్దు. “దత్తు తీసికొన్న వెంటనే కడుపు పండును” అని ఓదార్పవద్దు. రాబోవు బిడ్డ మఱియొక బిడ్డకు మెట్టు కాదు. బిడ్డ వచ్చిన పిమ్మట ఎవరి రక్తమో యని వెనుక మాటలు వద్దు. సత్యమును ఆ బిడ్డకు తల్లిదండ్రులే ప్రేమతో చెప్పుదురు. నాగటిచాలులో దొరికిన సీతను జనకుని కూతురనియే లోకము పిలిచినది. తులసివనమున దొరికిన గోదాదేవిని పెంచిన విష్ణుచిత్తుని తండ్రి కాదని ఎవ్వరు ననలేదు. యశోద మాట చెప్పనేల?

ప్రయాణమునకు ముందు వారిరువురును ఆంజనేయస్వామి గుడికి పోయి ప్రదక్షిణములు చేసి వచ్చిరి. “ఏమి మ్రొక్కుకొంటివి?” అని నేనడిగితిని. “బిడ్డ త్వరగా రావలెనని కాదు, వదినా. ఎచ్చటనున్నను ఈ రాత్రి కడుపునిండ తిని నిద్రపోవలెనని” అనినది. ఊరి పేరునకు అర్థము నాకు ఆనాడు బోధపడినది.

ఈ వ్యాసము వ్రాయునాటికి వారి వంతు ఇంకను రాలేదు. అత్తమ్మ బొంత ముగించినది. ఎంత పొడవు కుట్టెనో చూచి నేను నవ్వితిని; పదేండ్ల బిడ్డకైనను చాలును. “ఇంత పెద్దదెందులకు అత్తమ్మా?” అంటిని. “చిన్నబిడ్డయైన మడిచి కప్పుదము, పెద్దబిడ్డయైన విప్పి కప్పుదము. ఎప్పుడు వచ్చినను చలి తగులరాదు గదా” అని దానిని ఎండలో ఆరవేసినది.